పన్నుచీటి

పన్ను కట్టనివాని కథ చెప్పిన మా ప్రాంతమున వినువారు మెండు. కట్టినవాని కథ చెప్పిన లేచిపోవుదురు. ఇందుకు కారణము లేకపోలేదు. పెదనందిపాడు ఫిర్కాలో 1921–22 సంవత్సరములందు నడచిన పన్నుల నిరాకరణోద్యమమున మా ముత్తాతగారు శాంతిసేనలో చేరి ఊరూర తిరిగినవారు. పర్వతనేని వీరయ్యచౌదరిగారి పేరు మా ఇంట నేటికిని గౌరవముతో చెప్పుకొందుము. శిస్తు క్రింద జప్తుచేసిన గేదెను వేలము వేయుచుండగా పాట పాడువాడొక్కడును లేక, అధికారులు చెట్టునీడను చాలసేపు కూర్చుండి తుదకు లేచిపోయిరని మా నాయనమ్మ చెప్పిన ముచ్చటను బాల్యమున ఎన్నిమారులు వింటిమో లెక్కలేదు.

చీరాల పేరాల ప్రజలు ఇంతకంటె కఠినమైన పని చేసిరి. ఆ గ్రామములను 1919లో పురపాలక సంఘముగా చేయగా, సాలుకు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 వరకు పెరిగెను. తమ సమ్మతి లేని ఈ భారమును మోయలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు 1921లో ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, దాదాపు పదునొకండు మాసములు ఎండకును వానకును ఓర్చి నివసించిరి.

ఈ రెండు కథలను మేము పాఠశాలలో ఏటేట చెప్పుచున్నాము. చెప్పినప్పుడెల్ల, ఆ వీరుల రక్తములో మాకును కొంత పాలు కలదను గర్వము కలుగుచుండెడిది. ఆ గర్వము 2023 డిసెంబరు నెలలో ఒక ముసలమ్మ చేతిలోని కాగితపు ముక్కను చూచి తలవంచుకొన్నది. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

మేము పర్చూరు ప్రాంతపు నల్లరేగడి భూముల నడుమ నొక గ్రామమున ఉపాధ్యాయులము. పత్తి, మిరప, పొగాకు, శనగ మా పైరులు. మా ఊరినుండి సముద్రము కానరాదు. కాని తుపాను వచ్చినప్పుడు దాని బలము మాకును తెలియును. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెన మేము పుట్టుటకు మూడేండ్ల ముందటిది. దివిసీమను, రేపల్లె నిజాంపట్నముల తీరమును సముద్రము గోడవలె లేచివచ్చి ముంచెను. ప్రభుత్వపు లెక్కలోనే సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే 9వ తేదీ నాటి తుపాను మేము ఎరిగినదే. అప్పుడు మాకు పదేండ్లు. మా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోవుచుండగా మా అమ్మ మమ్ము ధాన్యపు గాదె ప్రక్కను దాచినది. ఆ తుపాను బలమున 1977 నాటిదానికి తీసిపోనిదే. అయినను చనిపోయినవారు వేయిమందికి లోపు. ఏలయన ఈమారు హెచ్చరికలు ముందుగా అందినవి. తీరమున తుపాను ఆశ్రయములు లేచినవి. లక్షలకొలది జనులను ముందే తరలించిరి. ఆ పదుమూడేండ్లలో గాలి మెత్తబడలేదు; ఏర్పాటు గట్టిపడినది.

ఈ ఏర్పాటునకు సొమ్మెక్కడిదని మేము ఏనాడును తలపోసి యెరుగము.

2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నము మిచౌంగ్ అను తుపాను బాపట్లకు చేరువను తీరము దాటెను. అంతకు ముందటి సాయంకాలమే పల్లపు వాడలోనివారిని మా పాఠశాలకు చేర్చిరి. ఆ వాడ దళితులది. మా ఊరి మురుగుకాలువలన్నియు ఎగువ వీధులలో పుట్టి ఆ వాడలో ముగియును. ఊరు కట్టినవారు ఏ బుద్ధితో అట్లు కట్టిరో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రాత్రి దీపములు పోయినవి. మేమును మరి ఇద్దరు ఉపాధ్యాయులును లాంతరు పెట్టుకొని వరండాలో కూర్చుంటిమి. ఒక అవ్వ చీరచెంగున ముడివేసిన ప్లాస్టిక్ సంచిని మాటిమాటికి విప్పి చూచుకొని మరల కట్టుచుండెను. మందుబిళ్ళలేమో తడిసినవనుకొని అడిగితిమి.

"ఏమవ్వా, ఆ సంచిలో ఏమున్నది?"

"ఇంటిపన్ను చీటండి, పంతులుగారూ. ఇల్లు పోతే పోయింది, ఇది పోగూడదు. ఇదుంటేనే గదా, ఇక్కడ మాకూ ఒక ఇల్లుండేదని రుజువు."

చీటిని లాంతరు వెలుగున చూచితిమి. మట్టిగోడలమీద రేకులు వేసిన యొక గది యిల్లు. పన్ను 120 రూపాయలు. ఏ యేటికా యేడు బాకీ లేక చెల్లినది. మేము చీటిని మరల చేతికిచ్చి ఊరకుంటిమి. మాటాడుటకు నోరు రాలేదు.

కారణము చెప్పవలయును. 2012లో మేము అప్పు తెచ్చి నాలుగు గదుల స్లాబు ఇల్లు కట్టితిమి. పంచాయతీ పుస్తకములో మాత్రము మా నాయనగారి పెంకుటిల్లే నిలిచియున్నది. ఒకమారు గుమాస్తా వచ్చి కొలతలు వేయుదునా అని అడుగగా, "తరువాత చూతము లెండి" అంటిమి. అతడును మరల రాలేదు, మేమును పిలువలేదు. మేము కట్టుచుండినది 180 రూపాయలు. కట్టవలసినది, తరువాత లెక్కవేయించి చూడగా, 900. ఏటికి 720 చొప్పున పదునొకండేండ్లకు 7,920 రూపాయలు. అవ్వ ఒంటిగదికిని మా నాలుగు గదులకును భేదము, ఊరి పుస్తకము ప్రకారము, అరువది రూపాయలు!

తుపాను వెడలిపోయినది. తీరగ్రామములలో కోసిన వరిపనలు నీట నానినవి. మా చేలలో మిరపపూత రాలి, వేళ్లు కుళ్లి, మొక్కలు నిలువున వాడినవి. పగిలిన పత్తికాయ నల్లబడినది. పల్లపు వాడలో మోకాటిలోతు నీరు ఐదుదినములు నిలిచెను. కాలువలో పూడిక తీయించి రెండేండ్లయినదట. ఇంజను పెట్టి నీరు తోడింపవలెనన్న అద్దెకును నూనెకును పంచాయతీలో పైకము లేదట. పెద్దలు కొందరము కోపముతో ఆ కార్యాలయమునకు పోయితిమి. అచటి ఉద్యోగి మారుమాటాడక బాకీల పట్టిక తెచ్చి మా ముందుంచెను. అందు పల్లపు వాడ పేర్లు నాలుగైదుకంటె లేవు. తక్కిన పుటలన్నియు మేడల పేర్లే. మా పేరందు లేదు. ఎట్లుండును? మేము కట్టవలసినదే పుస్తకమున లేనప్పుడు బాకీ ఎక్కడిది? పట్టికకెక్కిన బాకీదారులకంటె మేమే ఎక్కువ దోషులమని ఆ గదిలో మాకు తప్ప ఎవ్వరికిని తెలియదు.

నాటి రాత్రి మాకు ముత్తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన పన్ను నిరాకరించెను; మేము ఎగవేసితిమి. ఈ రెంటికిని భేదము భూమ్యాకాశములంతటిది. నిరాకరించువాడు నడివీధిలో నిలిచి, నేను కట్టనని చెప్పి, గేదెను పోగొట్టుకొనును, చెరసాలకు పోవును, చీరాలవారివలె ఇల్లే విడిచిపోవును. ఎగవేయువాడు ఇంటిలోనే కూర్చుండి, వీధిదీపము వెలుగుటలేదని కేక వేయును. వారు తమ సమ్మతి లేని పన్నును కాదనిరి. మేము మేమెన్నుకొన్న పంచాయతీకి, మా వీధి కాలువకు, మా కుళాయికి కట్టవలసినదానిని మిగుల్చుకొంటిమి. తాతలు త్యాగము చేసి సంపాదించిన కీర్తిని మనుమలు లోభమునకు ముసుగుగా కప్పుకొనుటకంటె నీచమైన వారసత్వము వేరొండు లేదు.

పన్నును గూర్చి మాకు మరియొక తెలివి ఆ దినములలో కలిగెను. ఒక ఇల్లు కాలినచో ఇరుగుపొరుగువారు బియ్యము పెట్టుదురు, బట్ట యిత్తురు. ఊరంతయు ఒక్కసారిగా పడిపోయినప్పుడు పొరుగువాడును పడినవాడే. అట్టివేళ చేయందింపవలసినవాడు దూరమున, గాలి తాకని చోట నుండవలయును. ఆ దూరపు చేయి మనవరకు వచ్చుటకు దారి యేది? దయ కొంతదూరము వచ్చును. చందా మరికొంతదూరము వచ్చును. అలసిపోక ప్రతియేడు వచ్చునది పన్నొక్కటియే. తుపాను సాయము కొరకు మన దేశమున ప్రతి రాష్ట్రమునకును ఒక నిధి కలదు. మనవంటి రాష్ట్రములలో అందు నూటికి డెబ్బదియైదు వంతులు కేంద్రము, ఇరువదియైదు వంతులు రాష్ట్రము వేయవలయును. అది చాలనప్పుడు జాతీయనిధి కలదు. ఆ జాతీయావసరము కొరకై 2001లో, గుజరాతు భూకంపము జరిగిన యేట, సిగరెట్లు మున్నగువానిపై ప్రత్యేకముగా నొక సుంకము విధించిరి. మన ఒంగోలు పొగాకు ఎక్కడనో పొగయై పోవుచు, ఎవ్వని చేతనో సుంకము కట్టించి, ఆ సుంకము మరెక్కడనో కూలిన ఇంటికి తడికయై నిలుచుచున్నదన్నమాట.

ఇట్టి దూరపు చేయి లేని దేశముల గతి యేమి? కరీబియను సముద్రమున డొమినికా అను చిన్నదీవి యొకటి కలదు. జనసంఖ్య సుమారు 70,000. మన దేశమున నొక మోస్తరు పట్టణమునకు మించదు. 2017 సెప్టెంబరు 18వ తేదీ రాత్రి మరియా అను పెనుగాలి ఆ దీవిపై పడెను. ప్రధానమంత్రి ఇంటి పైకప్పు సహితము ఎగిరిపోయెను. లెక్క చూడగా ఆ దేశము రెండు సంవత్సరములకు పైగా ఆర్జించునంత సొత్తు ఒక్కరాత్రిలో నష్టమయ్యెనని తేలెను. పన్ను కట్టువారును, సాయము కోరువారును, సాయము చేయవలసిన ప్రభుత్వమును, అందరును ఒకే వానలో కప్పులేక నిలిచిరి. ఈ యాపద నెరిగియే ఆ సముద్రపు దీవులు పెక్కు కలిసి 2007లో ఒక ఉమ్మడి భీమానిధిని ఏర్పరచుకొనినవి. ఒక దీవి మునిగిన యేట మునగని దీవుల సొమ్ము దానికి ఊతమగును. మనకు అట్టి నిధి కొరకు పరదేశములతో ఒడంబడిక చేసికొనవలసిన పనిలేదు. బాపట్ల మునిగిన యేట అనంతపురము ఎండియే యుండును. అనంతపురము ఎండిన యేట బాపట్లలో పంట పండును. ఒకరి పన్ను ఒకరికి గొడుగు. ఇంత పెద్ద యింట పుట్టియు మనము దీవులవలె ఒంటిగ బ్రదుకజూచుట వివేకమా?

రఘువంశమున కాళిదాసు దిలీపుని పన్నును సూర్యుని పనితో పోల్చిన సంగతి సంస్కృతము చదివినవారెరుగుదురు. మేము ఆ ఘట్టమును ఇరువదేండ్లనుండి పాఠము చెప్పుచున్నాము. అందు ఇచ్చువాడు రాజు, పుచ్చుకొనువారు ప్రజలు. నేడు రాజు లేడు. సూర్యుడును మనమే, నేలయు మనమే. కావున కట్టుటతో మన ధర్మము ముగియదు, అడుగుటయు ధర్మమే. పూడిక తీయుటకు వచ్చిన సొమ్ము కాలువకే చేరినదా? నష్టపట్టికలో దున్నినవాని పేరెక్కినదా, భూమి గలవాని పేరెక్కినదా? 2019 నాటి చట్టము ప్రకారము సాగుహక్కు పత్రమునకు భూయజమాని అంగీకారము కావలసియుండుటచే పెక్కుమంది కౌలురైతులకు అది దొరకలేదు. మిచౌంగ్ నాడు మా ఊరిలో మిరప పోగొట్టుకొన్నవారిలో సగముమంది కౌలువారే. ఇట్టి యన్యాయమును ప్రశ్నింపవలసినదే. కాని ప్రశ్నించువాని చేతిలో అవ్వ చేతిలోనిదానివంటి చీటి యుండవలయును. అది లేని ప్రశ్నకు బిగ్గరతనమే గాని బరువుండదు.

కొలతలు వేయింపబోవుచున్నామని చెప్పగా మా ఇంటిలో, "ఊరందరికీ లేని నొప్పి మీకెందుకండీ? రేపు వీధిలోవాళ్లు మనల్ని తిట్టరా?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మేము అవ్వ చీటి సంగతి చెప్పితిమి. ఆమె కొంతసేపు పలుకక, "ఆ 7,920 ఎప్పుడు కడతారు?" అనిరి. పాతయేండ్ల పన్నుగా జమకట్టుటకు పుస్తకమున దారి లేదనగా, కాలువ పూడికకు విరాళముగా కట్టి రసీదు తీసికొంటిమి. విరాళమను మాట ఆ రసీదుపై చూచినప్పుడెల్ల మాకు సిగ్గు కలుగును. అది దానము కాదు, అప్పు.

వీధిలో ఇద్దరు మాతో పలుకుట మానిరి. ఒకరు మాత్రము చీకటిపడిన తరువాత వచ్చి, కొలతలకు ఎవరిని పిలువవలయునో అడిగి పోయిరి. కాలువ ఆ వేసవిలో సగము దూరము పూడిక తీసినారు. తక్కిన సగము మిగిలియున్నది. మురుగు నేటికిని పల్లపు వాడలోనే ముగియుచున్నది. దానిని చెరువుదారికి మరల్చవలెనన్న ఇంకను సొమ్ము కావలయును, సొమ్ముకంటె ముందుగా ఎగువ వీధులవారి మనస్సు కావలయును.

మా ఇంటిపన్ను చీటిని ఇప్పుడు మేమును భద్రముగా దాచుచున్నాము. ఈ ఊరిలో మాకొక ఇల్లు కలదనుటకు అదియే రుజువని అవ్వ చెప్పినది. ఈ యూరు మాకును కలదనుటకు కూడ అదియే రుజువని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.