మా చెరువుల యాత్ర

ప్రయాణమన్నంతనే మన గృహిణులకు ముందుగా తోచునది వంటపని. దారిలో బిడ్డల కేమి పెట్టవలెను, రాత్రి యెక్కడ తలదాచుకొనవలెను అను చింతతోనే యాత్రాసుఖము సగము హరించిపోవును. గడచిన దసరా సెలవులలో మావారు పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి అమర్చిన వ్యాను నొకదానిని అద్దెకు తెచ్చి, "ఇల్లే కదలివచ్చినది, ఇక బయలుదేరుదమా?" అనినప్పుడు నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన 1830లో చెన్నపట్టణమునుండి డేరాలతో, పరివారముతో బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831లో తిరిగివచ్చిరి. ఇల్లు వెంటగొనిపోవుట మనవారికి క్రొత్త గాదు. బోయీలకు మారుగా చక్రములు వచ్చినవి, అంతియే.

వ్యాను వెనుక రెండు కొండసైకిళ్లు కట్టితిమి. పండ్రెండేండ్ల మా అమ్మాయి తన యీతదుస్తులు సంచిలో అన్నిటికంటె పైన పెట్టుకొన్నది. అది చూచి నా గుండె ఝల్లుమన్నది. కారణము చెప్పెదను. నా తమ్ముడు తొమ్మిదవయేట మా ఊరి చెరువులో మునిగి మరి లేవలేదు. నాటినుండి మా యమ్మ నన్ను చెరువుగట్టు దాటనీయలేదు. తండ్రిగారు ఇంటనే భాగవతము చెప్పిరి. గజేంద్రమోక్షము నాకు కంఠపాఠము. కాని మోకాలిలోతు నీట నిలిచిన కాళ్లు వణికెడివి. ఈ భయమును నా బిడ్డకు వారసత్వముగా నీయరాదని, ముప్పదినాలుగవయేట దానితోకూడ ఈతకొలనులో దిగితిని. తల నీట ముంచుటకే నాకు నెల పట్టినది.

రామంతాపూరు వీడి, ఉప్పల్ కూడలి దాటి, వరంగల్లు బాట పట్టితిమి. భువనగిరి కోట మోయుచున్న ఏకశిల కనుపించినంతసేపు అమ్మాయి కిటికీ వదలలేదు. జనగామ జిల్లాలో బమ్మెరకు మరలి పోతనగారి ఊరు చూచితిమి. గజేంద్రుని కథను తెనుగువారి కిచ్చిన మహానుభావుని ఊరిమట్టిని కనులకద్దుకొని, "అయ్యా, నీటి భయము తీర్చుము" అని మనస్సులో మొక్కుకొంటిని.

మరునాడు ములుగు మీదుగా పాలంపేట చేరితిమి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఎత్తించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. గుడికి సమీపముననే కాకతీయుల నాటి చెరువు. తండ్రీకూతుండ్రు సైకిళ్లపై మట్టిబాటల వెంబడి తిరిగిరి. వెడల్పుచక్రములు రాళ్లను లెక్కసేయవు. ఎత్తు వచ్చినప్పుడు గేరు తగ్గించిన కాలికి బరువు తేలికయగును. నేనును కొంతదూరము తొక్కి, రెండుమార్లు పడి, మోచేయి గీచుకొని నవ్వుకొంటిని.

ఈతకు మేమెన్నుకొన్నది తిరుగుదారిలో ఒక చిన్న పల్లె చెరువు. ముందుగా అచటి ముసలి బెస్తవానిని అడిగితిమి. ఆయన చెప్పిన మాటలు మీరును గుర్తుంచుకొనదగినవి. కట్టవైపే చెరువు మిక్కిలి లోతు, అచట దిగరాదు. తూము నీటిని లాగును. దాని దరికి పోరాదు. మత్తడి పారునప్పుడు దూరముననే యుండవలెను. నీరు మెల్లమెల్లగా లోతగు ఎగువవైపు మేలు. అచటను బురద, తామరతీగ, మట్టి త్రవ్విన గుంటలు చూచుకొనవలెను. ఆయన కర్రతో పరీక్షించి చూపినచోటనే, తేలెడి కవచములు తొడిగికొని, నడుమునకు త్రాడు కట్టుకొని దిగితిమి. త్రాటి కొనలు మావారి చేతిలో నుండెను. అమ్మాయి చేపవలె సాగినది. నేను దానివెంట పదిబారలు ఈదితిని. కాళ్లక్రింద నేల లేదు. అయినను నేను మునుగలేదు.

సాయంకాలము ఆ చెరువునకే బతుకమ్మలతో స్త్రీలు వచ్చిరి. మా తడిజుట్టు చూచి ఒక అవ్వ, "ఏండ్లసంది ఇదే చెరువుకు పూలు తెస్తున్నం బిడ్డా, నీళ్లల్ల తేలుడు ఎట్లుంటదో ఎరుకలేదు" అన్నది. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. ఏటేట చెరువును పూజించు మనకు చెరువు చుట్టము గాకుండుట యెట్టిది? నలుబది దాటిన వయస్సున గోలి శ్యామలగారు 2021లో పాక్ జలసంధి నీదిరి. మన కంత వలదు. ఆపదలో తేలియుండుట చాలును. రామంతాపూరులోను పెద్దచెరువు, చిన్నచెరువు కలవు. మురుగు చేరి అవి యీతకు పనికిరాకపోయినవి. కావున ఆడపిల్లలకు చదువు, సంగీతములతోపాటు ఈతకొలనుననైన ఈత నేర్పుడు. నేర్చిన పిదపను తెలియని నీట తెలిసినవారి నడుగక దిగనీయకుడు.

ఆ రాత్రి వ్యానులోనుండి మా యమ్మకు ఫోను చేసి జరిగినదంతయు చెప్పితిని. చాలసేపు పలుకలేదు. కోపగించెనేమో యని నేను బెదరితిని. తుదకు మెల్లగా, "నీళ్లు చల్లగా ఉన్నవా, అమ్మా?" అని అడిగినది.