వెనుక హౌసింగు ముచ్చట

అన్నా, జీపు కొన్నవంట! మాకు ఒక్క ముక్క చెప్పకుంటనే? పాత ఎంఎం 540, ఫోర్‌వీలు గేరుది, హుడ్డు చినిగినా ఇంజను సప్పుడు చక్కగుందట. ఎడపల్లిల ఏదన్న దాగుతదా చెప్పు? నువ్వు జాన్కంపేట దాటకముందే ఇక్కడ చాయ్ హోటల్ల దాని రంగు మీద కొట్లాట మొదలైంది. సరే, ఆ అలక తర్వాత తీర్చుకుంట. ఇప్పుడు నువ్వు అడిగేదేంది? వెనుక హౌసింగు మార్చాలె, ఏది పెడితే బాగుంటది అని. అబ్బ! ఎంత మంచి ముచ్చట తీసినవే. గోడ మీదికెల్లి చెప్తే ఒడిసేది గాదు గని, మొదలైతే వెడుత.

ముందుగాల ఒకటి చెప్పు. జీపు దేనికి? నిజామాబాదు బజారుకు పోయి వచ్చేటందుకైతే ఉన్న హౌసింగునే మంచిగ కడిగి, ఆయిలు మార్చి, సల్లగ కూసో. లేదు, వానల్ల చెరుకు మడి దాక పోవాలె, ఆదివారం మల్లారం గుట్టల దిక్కు తిప్పాలె అంటవా? అయితే జర దగ్గరికి జరుగు.

మన నేల సంగతి నీకు కొత్తగ చెప్పాల్నా? 1931ల నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్లు దిగినకాన్నుంచి ఈ నల్లరేగడి తాగుతనే ఉన్నది. 1937ల బోధన్ షక్కర్‌నగర్ల చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన్రు, చుట్టుపక్కల ఊర్లన్నీ చెరుకే అయినయి. 2015 డిసెంబరుల ఆ ఫ్యాక్టరీ మూతవడ్డది, ఆ బాధ ఇంక పోలే. అయినా చెరుకు వేసేటోళ్లు వేస్తనే ఉన్నరు, గడలు ట్రాలీలకెక్కి కామారెడ్డి దిక్కు పోతనే ఉన్నయి. తడి మడిలకెల్లి నిండు ట్రాలీని గుంజుకొని ట్రాక్టరు ఒడ్డెక్కుతుంటే ఎన్నడన్న నిలవడి చూసినవా? డ్రైవరు చెయ్యి చూడకు. కాలు చూడు. మడిమ కాడ చిన్న పెడలు ఉంటది, దాన్ని తొక్కుతడు. ఎనుకకెల్లి రెండు పెద్ద చక్రాలు ఒక్కసారే మన్ను పట్టి లేస్తయి. నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరది.

ఆ పెడలు కతనే అసలు కత. జీపు దిగబడ్డప్పుడు కిందికి వంగి చూడు. వెనుక ఒక చక్రం గిర్రున తిరుగుతది, ఇంకోటి కదలనే కదలది. అరె, గట్టి నేల మీదున్న చక్రం ఎందుకు తిరగది అని గుస్స అయితవు. వెనుక చక్రాల నడుమ హౌసింగు గోళం లోపట డిఫరెన్షియల్ ఉన్నది గద, అది రెండు పక్కలకు జోరు సమానంగ పంచుతది. జారే చక్రం ఎంత జోరు ఆపుకోగలుగుతదో అంతే రెండోదానికి గూడ అందుతది. బురదల చక్రానికి ఆపుకునేటందుకు ఏముంది? ఏం లేదు. ఇగ రెండోదానికి గూడ అదే ముట్టింది!

అట్లని డిఫరెన్షియల్‌ను తిట్టకు. అది లేకుంటే బోధన్ రోడ్డు మీద మలుపు సాఫుగ తిరుగలేవు. మలుపుల బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలె, లోపటిది తక్కువ పోవాలె. ఈ సదుపాయానికి ఇప్పటి రూపం ఇచ్చి 1827ల పేటెంటు తీసుకున్నది ఎవరనుకున్నవ్? ఒనెసిఫోర్ పెకర్ అని ఫ్రాన్సుల గడియారాలు చేసేటాయన. గడియారం చక్రాలతోని ఆడుకునే మనిషి మన చెరుకు మడి దాక వచ్చిండు చూడు!

అందుకే నా మాట ఇదీ: హౌసింగు మార్చుడు కన్న ముందు దాని లోపట లాకర్ పెట్టు, ట్రాక్టరు పెడలు లెక్క రెండు చక్రాలను కలిపి తిప్పేది. మహీంద్రా వాళ్లు 2015ల థార్‌కు ఇచ్చిన ఈటన్ కంపెనీ మెకానికల్ లాకర్ తెలుసు గద. నువ్వు ఏం నొక్కే పని లేదు. రెండు చక్రాల నడుమ తేడా నిమిషానికి 100 తిప్పుల దగ్గరికి వచ్చిందంటే అదే లోపట టక్కున పట్టుకుంటది. వేగం పెరిగితే మల్ల అదే వదులుతది. సీటు కింద ఆ పట్టు తెలుస్తది అన్నా, ఒళ్లు పులకరిస్తది. కొన్ని షెడ్లల్ల డిఫరెన్షియల్‌కు వెల్డింగు కొట్టి "లాకైపోయింది పో" అంటరు. వద్దు. అది ఎన్నటికీ వదలది. డాంబరు రోడ్డు మీద ప్రతి మలుపుకు టైర్లు రాసుకపోతయి, చక్రాన్ని తిప్పే షాఫ్టు మెలివడతది. మడిలనే ఉండి మడిలనే తిరిగే బండికైతే నడుస్తది, నీకు గాదు.

లాకర్ పెట్టినంక షాఫ్టు మీద పని పెరుగుతది. జోరంత ఒక్క పక్కకే పోయే టైములు వస్తయి. షాఫ్టు మందం లెక్క ఒకటి విను, భలే ఉంటది. మందం పదో వంతు పెరిగితే మెలికను ఆపే బలం మూడో వంతు పెరుగుతది. అంటే వేలితోని కొలిస్తే కనవడని తేడా, బురదల బండి బయటవడుడా లేదా అన్నదాన్ని తేలుస్తది. పాత విల్లీస్ సీజే-3బీ కింద వచ్చిన డానా 44 అనే హౌసింగు, దాని తర్వాత వచ్చిన చుట్టాలు, వీటిల్ల షాఫ్టులు 10 పండ్లవి, 19 పండ్లవి, తర్వాత 30 పండ్లవి వచ్చినయి. నీదాంట్ల ఏదున్నదో విప్పి చూసినంకనే లాకర్ కొను. దుకాణపాయన "అన్నిటికీ సరిపోతది" అంటే నమ్మకు. పండ్లు లెక్కపెట్టు.

మల్ల ఫుల్ ఫ్లోటింగు సంగతి అడుగుతవు, తెలుసు. లారీ ఆగినప్పుడు వెనుక చక్రం చూడు. నడిమిట్ల గిన్నె బయటికి పొడుచుకొచ్చి, చుట్టూ బోల్టులుంటయి. ఆ బోల్టులిప్పితే షాఫ్టు బయటికి వస్తది, చక్రం మాత్రం అట్లనే నిలవడి ఉంటది. ఎందుకంటే బరువు మోసేది షాఫ్టు గాదు, హబ్బు బేరింగులు. షాఫ్టు తిప్పుడొక్కటే చేస్తది. మామూలు జీపుల షాఫ్టే బరువు మోయాలె, షాఫ్టే తిప్పాలె. విరిగిందంటే చక్రం చేతికొస్తది. ముచ్చటేందంటే 1941 సంది 1945 దాక యుద్ధానికి చేసిన విల్లీస్ జీపుకు వెనుక ఫుల్ ఫ్లోటింగే ఉండె. యుద్ధం అయిపోయినంక జనాలకు అమ్మిన జీపుల్ల కొద్దిరోజులకే అది పోయింది. బండి నిండ ఎరువు బస్తాలేసుకొని తిరుగుత అంటే ఆ దారి పట్టు. నలుగురు మనుషులు, ఒక టిఫిను డబ్బ అయితే కొత్త షాఫ్టులు, కొత్త బేరింగులు, కొత్త సీళ్లు చాలు.

ఇగ రేషియో. ఇది నాకు పానం. పాత జీపుల్ల 5.38, 4.88, 4.27 అని అంకెలు తిరుగుతుంటయి. 5.38 అంటే పినియనుకు 8 పండ్లు, క్రౌనుకు 43. అంకె పెద్దదైతే గుంజుడు ఎక్కువ, ఉరుకుడు తక్కువ. 6.00-16 టైర్ల మీద, టాప్ గేరుల ఇంజను నిమిషానికి 2500 తిరిగితే 5.38తోని గంటకు 63 కిలోమీటర్ల దగ్గర పోతది. 4.27 వేస్తే అదే తిప్పుడుకు 80. ఎగిరి గంతేస్తున్నవా? ఆగు. రేగడిల ఆ 80 ఏం చేసుకుంటవ్? పెద్ద టైర్లేసే ఆలోచన గిట్ల ఉంటే 5.38ని అస్సలు మార్చకు, పెద్ద టైరు కొంత గుంజుడు ముందే తినేస్తది.

నీ జీపుల ఏదున్నదో ఇంటి ముందటనే తెలుసుకోవచ్చు. ఫోర్‌వీలు గేరు తీసెయ్. గేరు న్యూట్రల్. ముందటి చక్రాలకు రాళ్లు పెట్టు, గట్టిగ పెట్టు. హ్యాండ్ బ్రేకు వదులు, ఎందుకంటే ఈ పాత జీపుల్ల అది ప్రొపెల్లర్ షాఫ్టునే పట్టుకుంటది. వెనుక ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టు. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సున్నంతోని గీత గీయి. ఇగ లేచిన చక్రాన్ని నిదానంగ రెండు సార్లు తిప్పు. షాఫ్టు అయిదు తిప్పులు దాటి ఇంకో మూడో వంతు పోయిందా? 5.38. అయిదుకు జర తక్కువ వడ్డదా? 4.88. నాలుగుంబావా? 4.27. రెండు తిప్పులెందుకంటవా? ఒక చక్రం నేల మీద ఆగి ఉన్నది, అందుకే లేచింది రెండు సార్లు తిరిగితే లోపటి క్రౌను ఒక్కసారి తిరుగుతది. పిల్లలను పిలిచి లెక్కవెట్టమను, సంబురపడతరు.

వెనుక రేషియో మారిస్తే ముందుది గూడ మార్చాలె, మర్చిపోకు. ఫోర్‌వీలు వేసినప్పుడు ముందు ఒక లెక్కన, వెనుక ఒక లెక్కన తిరిగితే గేరుబాక్సు నలిగిపోతది. ఇంకోటి, వేరే బండి హౌసింగు తెచ్చి పెడుత అనేటోళ్లకు: పాత జీపుకు వెనుక గోళం నడిమిట్ల ఉండది, ఒక పక్కకు జరిగి ఉంటది. నడిమిట్ల గోళమున్నది తెస్తే ప్రొపెల్లర్ షాఫ్టు వంకరగ పోతది, క్రాసులు అరిగిపోతయి. ఎడమ పక్క చక్రం నట్లు ఉల్టా మర ఉన్న పాత జీపులు గూడ ఉంటయి, చూసి తిప్పు. హౌసింగు మొత్తం మార్చే ముందు ఆర్టీఏ ఆఫీసుల అడుగు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉన్నది, 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దని గట్టిగ చెప్పింది.

పైసలు తక్కువ, ఫాయిదా ఎక్కువ ఉన్నది ఏందంటే బ్రీదరు పైపు. దూరంనుంచి వచ్చిన హౌసింగు కాగి ఉంటది. దాన్ని తీస్కపోయి కాలువ నీళ్లల్ల దింపితే లోపటి గాలి దగ్గరవడి సీళ్ల సందులకెల్లి నీళ్లు గుంజుకుంటది. ఆయిలు మజ్జిగ లెక్క తెల్లగ అయితది. గజం రబ్బరు పైపు తెచ్చి, బ్రీదరుకు తగిలించి, బాడీ మీదికి ఎక్కించు. అయిపోయింది.

ఆయిలు 90 నంబరు ఈపీది పోయించు. పోయించే రోజు నన్ను గూడ పిలువు, కిందికి దూరే పని నేను చూసుకుంట. ఒక్కటే షరతు: కింది డ్రెయిన్ బోల్టు ముట్టకముందే పైన ఆయిలు పోసే బోల్టు విప్పి పెట్టు. పాత హౌసింగుకు అది తుప్పుపట్టి కదలదు. కిందిది ఒలకవోసినంక పైది రాకపోతే బండి అక్కడనే ఉంటది.