ద్రాక్షతోటయు పెన్నేరును

పూర్వము మనవారికి ప్రయాణమనగా రెండే విధములు. ఒకటి, శుభాశుభములకు బంధువుల యింటికి పోవుట. రెండవది, తీర్థయాత్ర. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము విడిచి కాశికి బయలుదేరగా, వారు మరల ఇల్లు చేరుసరికి పదునైదు మాసములకు పైగా గడచినవి. నేడు బెంగుళూరిలోని మన పిల్లలకు మూడవ విధమైన ప్రయాణమొకటి అలవడినది. శనివారము పోయి ఆదివారము వచ్చుట. దైవదర్శనమునకు గాదు, బంధుదర్శనమునకు గాదు. ఊరక పోయి వచ్చుట. వారమునకు ఐదు దినములు కంప్యూటరు ముందును, మిగిలిన పొద్దు రోడ్లపై వాహనముల నడుమను గడపువారికి ఆ మాత్రపు విశ్రాంతి వలదనుట న్యాయము కాదు. అట్టి ప్రయాణమొకటి మా యింట తలపెట్టినపుడు జరిగిన సంగతిని సంఘసభ్యులకు మనవి చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒకనాటి రాత్రి భోజనముల వేళ మా కుమారుడు, "నాన్నా, నందికొండ దగ్గర ద్రాక్షతోట ఉంది. వైను ఎట్లా చేస్తారో చూపిస్తారు, అక్కడే భోజనం పెడతారు. శనివారం పోయి, ఒక రాత్రి దొడ్డబళ్లాపురంలో ఉండి వద్దాం. అందరం పోయి ఎన్నాళ్లయింది!" అనెను. మా కోడలు సరేయనినది. పండ్రెండేండ్ల మా మనుమరాలు చప్పట్లు కొట్టినది. మజ్జిగ వడ్డించుచున్న మా యిల్లాలు గరిటెను గిన్నెలోనే విడిచి, "వైనంటే ఏంది? సారాయే కదా!" అని లోపలికి పోయెను. ఆ రాత్రి మరి యెవరును ఆ మాట యెత్తలేదు.

అయినను మరునాడు ప్రయాణపు ఏర్పాటును వ్రాసి యుంచుమని మా కుమారుడు మాకే అప్పగించెను. ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసినవారము. ఏ సంగతినైనను కాగితముపై పెట్టినగాని మాకు తృప్తి యుండదు. కాబట్టి మేము వివరములు సేకరింప నారంభించితిమి.

నందికొండ మన నగరమునకు ఉత్తరముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 1,478 మీటర్ల యెత్తున నున్నది. కొండక్రింది నంది గ్రామమున భోగనందీశ్వరుడు, కొండపైన యోగనందీశ్వరుడు వెలసియున్నారు. క్రింది యాలయము తొమ్మిదవ శతాబ్దమున మొదలైనది. గాంధీ మహాత్ముడు 1927లోను, మరల 1936లోను ఆరోగ్యము కొరకు ఈ కొండపై విడిసియుండెను. మద్యపానమును అంతగా ద్వేషించిన ఆ మహనీయుడు సేదదీరిన కొండ చెంతనే నేడు వైను తోటలు వెలయుట కాలమహిమ యనవలెను.

ఈ సీమకు ద్రాక్ష క్రొత్తది కాదు. దళసరి తోలును, గింజలును, గది నిండు వాసనయు గల 'బెంగుళూరు బ్లూ' అను నల్లద్రాక్షను మనమందరము ఎరుగుదుము. బండ్లపై కొనితెచ్చి పిల్లలకు రసము తీసియిచ్చునది అదియే. దానికి 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. మేలురకపు వైనుకు పెంచు జాతులు వేరు. అవి ఫ్రాన్సు దేశమునుండి వచ్చినవి. గ్రోవర్ కుటుంబమువారు 1988లో దొడ్డబళ్లాపురము చెంత అట్టి తోటకు నాంది పలికిరి. ఫ్రాన్సులో చలికాలమున తీగ ఆకు రాల్చి నిదురించును. మన యెండలలో దానికి నిదుర లేదు. కావున ఇచ్చట ఏటికి రెండు మారులు కొమ్మలు కత్తిరించి, ఒక్క కాపు మాత్రమే తీసికొందురట. ఈ సంగతి చదివినపుడు, పరదేశమునుండి వచ్చిన తీగకు సయితము ఈ నేల తన పద్ధతి నేర్పినదిగదా యని ముచ్చట వేసినది.

మా కోడలు రసాయనశాస్త్రము చదివినది. అత్తగారిని ఒప్పింపదలచి ఆమె ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుచుచు వైను తయారగు విధమును వివరించెను. పండ్లను చిదిమి తోలుతో గూడ పులియనిచ్చిన ఎఱ్ఱవైను. తోలు తీసివేసి రసమును మాత్రమే పులియనిచ్చిన తెల్లవైను. సారా అట్లు కాదు. పులిసినదానిని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినది సారా. వైనులో మత్తుపదార్థము నూటికి 12 మొదలు 14 పాళ్లు; సారాలో అంతకు చాల హెచ్చు. మా యిల్లాలు అంతయు విని, "రెండిట్లోనూ ఉండే మత్తు ఒకటేనామ్మా, వేరువేరా?" అని యడిగెను. కోడలు ఒక క్షణమాగి, "ఒకటే అత్తయ్యా, పాళ్లే వేరు" అనెను. నిజము చెప్పినందుకు ఆ పిల్లను మేము మనసులోనే మెచ్చుకొంటిమి. ప్రభుత్వములకును ఈ తికమక తప్పినట్లు లేదు. కర్ణాటక ప్రభుత్వము సారాను నిషేధించినది 2007లో. ద్రాక్షవైను తయారీని ప్రోత్సహించు విధానమును వెలువరించినదియు ఆ 2007లోనే.

ఇక మా కార్యక్రమపత్రము సంగతి. కుమారుని మాట కాదనలేక, ఇల్లాలి మనసు నొప్పింపలేక మేమొక ఉపాయము పన్నితిమి. శనివారము భోగనందీశ్వరుని దర్శనము, కొండ, రాత్రి దొడ్డబళ్లాపురమున బస. ఆదివారము ప్రొద్దున ఘాటి సుబ్రహ్మణ్యేశ్వరుని సేవ. ఆ స్వామి వెనుకనున్న నరసింహమూర్తిని అద్దములో చూడవలెను. దానికి కొంత సేపు. తరువాత అంగడివీథి, పట్టుచీరలు, దానికి మరికొంత సేపు. ద్రాక్షతోట ఆదివారము సాయంకాలము, అన్నిటికిని అడుగున. కచ్చేరీలో పని చేసినవారికి ఈ కిటుకు తెలియును. కాదనుటకు వీలులేని కాగితమును కట్ట యడుగున నుంచినచో కాలమే దానిని పరిష్కరించును.

ఇల్లాలు పత్రమును చదివి, కండ్లజోడు తీసి, "తోటను అడుగున పెట్టింది పిల్లోడి కోసమా, నా కోసమా?" అనెను. మేము బదులు చెప్పలేదు. నలువదేండ్ల కాపురములో మా చేతివ్రాతను, దాని వెనుకనున్న యెత్తును ఆమె యొక్కతెయే పోల్చగలదు.

ఆ సాయంకాలము మా మనుమరాలు పటము ముందిడుకొని దారి గీయుచుండెను. "తాతా, ఇక్కడ ఉత్తర పినాకిని అని ఉంది. మా కన్నడ పాఠంలో కూడా ఉంది, నంది కొండల్లో పుడుతుందని. ఇది ఎక్కడికి పోతుంది?" అని యడిగెను. మేము వ్రేలితో చూపితిమి. నందికొండల వరుసలోని చెన్నకేశవగిరియందు పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురము వైపు పోయి, అనంతపురము, కడప సీమలను దాటి, 597 కిలోమీటర్లు నడచి నెల్లూరికి దిగువను సముద్రమున కలియును. "అయితే ఇది మన పెన్నా?" అని పిల్ల కేక పెట్టెను. అవునంటిమి. మా యిల్లాలు వచ్చి పటముపై వంగి చాలసేపు చూచెను. నెల్లూరిలో పుట్టిన మాకు పెన్నేరనగా సముద్రము చేరువ నుండు నది. అది మొదలగు చోటు మేము నలుబదేండ్లుగా బ్రతుకుచున్న యీ నగరమునకు ఇంత సమీపమున నున్నదని తెలిసియు, ఒక్కనాడైనను చూడబోలేదు.

అప్పుడు మా కుమారుడు, "అమ్మా, నీకు ఇష్టం లేకపోతే తోట మానేద్దాం. ఎందుకు వద్దో మాత్రం చెప్పు" అనెను. ఆమె, "మీ నాన్నను అడుగు. ఉత్తరం రాసింది ఆయనే" అనెను.

చెప్పక తప్పినది కాదు. మా యిల్లాలికి ఒక తమ్ముడుండెను. నెల్లూరు జిల్లాలో కలిగిరి దాపుననొక పల్లె. నాగలి పట్టినచో చాలు తప్పనివాడు. సారా ప్యాకెట్లు పల్లెపల్లెకును చేరిన ఆ దినములలో దానికి లోబడెను. రెండెకరములును పోయినవి. 1989లో, ముప్పది నిండకుండగనే పోయెను. కడపట కన్నులు పచ్చబడిన మాట నిజమే. మేము బెంగుళూరులోని బంధుమిత్రులకందరకును "కామెర్లతో కాలము చేసెను" అని మా చేతితోనే ఉత్తరములు వ్రాసితిమి. కుమారునికిని అదియే చెప్పితిమి. అబద్ధము వ్రాయలేదు, నిజమును వ్రాయలేదు. ఊరికి దూరముగా నలుగురి నడుమ బ్రతుకువారికి ఊరి సంగతులను చక్కగానే చెప్పవలెనను తాపత్రయము హెచ్చు. మనలో పెక్కు కుటుంబముల పెట్టెలలో అట్టి యుత్తరములుండునని మా నమ్మకము.

అతని భార్య, మా యిల్లాలికి మరదలు, ఇద్దరు బిడ్డలతో నిలిచిపోయెను. ఆ ప్రక్కనే దూబగుంట. అక్కడి స్త్రీలు అక్షరాస్యతా పాఠములలోని కథ చదివి, సారాయంగడిని మూయించిన సంగతి 1992లో రాష్ట్రమంతయు మారుమ్రోగినది. రోశమ్మగారి పేరు అప్పుడే దేశమునకు తెలిసినది. ఆ యేడు మా మరదలును తక్కిన ఆడవారితో చీపురుకట్ట చేతబట్టి తమ యూరి యంగడి యెదుట కూర్చుండెను. 1993 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది. అది వేరు కథ. మా మరదలు ఆ 1993 అక్టోబరున వ్రాయించిన కార్డులో ఒక్కటే వాక్యము: "వదినా, అంగడి మూసినారు, నాలుగేండ్లు ఆలస్యంగా."

మేము చెప్పుట ముగించినపుడు మా కుమారుడు చాలసేపు మాటలాడలేదు. నలువదేండ్లు వచ్చినవాడు. తన మేనమామ మరణమునకు కారణము ఆనాడు తొలిసారిగా వినెను. పిమ్మట, "వద్దమ్మా, మానేద్దాం. నాకు తెలిస్తే అడిగేవాణ్నే కాదు" అనెను.

అందులకు మా యిల్లాలు చెప్పిన మాటను ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము. "మానొద్దు. నువ్వు నా వెనకాల పోయొచ్చేదానికన్నా నేను పక్కనుండగా పోయేదే నయం. నేనూ తోట చూస్తా. తీగలేం పాపం చేసినాయి? రుచి చూసే గదిలోకి మాత్రం రాను. బండి తోలేవాడు చుక్క ముట్టేదానికి లేదు. ఇంకొకటి. తోట ముందు, ఏరు తర్వాత. నా తమ్ముణ్ని కలిపింది పెన్నలోనే. ఆ నీళ్లు మొదలయ్యే తావు చూసి ఇంటికి రావాల."

మా కుమారుడు తానే బండి తోలెదననెను. అనగా నేమో మేము వేరుగా చెప్పనక్కరలేదు. కోడలు, "నేను ఒక గుక్క రుచి చూస్తాను, అత్తయ్యా, మీకు చెప్పే చూస్తాను" అనెను. ఇల్లాలు నవ్వి, "చెప్పి చేసేదానికి నేనెందుకు అడ్డం!" అనెను.

పాత పత్రమును చించి క్రొత్తది వ్రాసితిమి. ఈ మారు కిటుకులు లేవు. శనివారము తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరుట. భోగనందీశ్వరుని దర్శనము, ఎండ ముదరకమునుపే కొండ. మధ్యాహ్నము ద్రాక్షతోట, అందరును. ఆడవారు తోటలో నడచునంతసేపును మేమును వారితోనే. రాత్రి దొడ్డబళ్లాపురమున బస. ఆదివారము ఘాటి, అటనుండి గౌరిబిదనూరు, విదురాశ్వత్థము. ఈ క్షేత్రమునందు వేలకొలది నాగప్రతిష్ఠలు గలవు. 1938 ఏప్రిలులో జాతీయపతాకము కొరకు గుమిగూడిన జనముపై కాల్పులు జరిగిన చోటును అదియే. అది పినాకిని యొడ్డుననే యున్నది. నది పుట్టిన గిరిశిఖరమున కెక్కుటకు మా మోకాళ్లు ఒప్పవు గనుక, అది పసితనమున పారు ఆ రేవుననే దానిని చూచుటకు నిశ్చయించితిమి.

అచ్చట వానలు కురిసిన దినములలో తప్ప ఏటిలో నీరుండదనియు, ఇసుకయే యుండుననియు మా ఇల్లాలికి ముందే చెప్పితిమి. ఆమె వినియు విననట్లుండి, పుట్టింటివారిచ్చిన చిన్న ఇత్తడిచెంబును చింతపండుతో తోమి సంచిలో పెట్టెను. నీరు లేనిచో చెంబెందులకని మనుమరాలు అడిగినది.

"నీళ్లుంటే నీళ్లు, లేకుంటే ఇసుక. ఏదో ఒకటి తెస్తా" అనెను.

పై శనివారమే ప్రయాణము.