అస్వస్థచిత్తము
కూతురు తుల్లియాను పోగొట్టుకొని, ఆమె కొక యాలయము కట్టింపవలెనని స్థలము వెదకిన క్రీ.పూ. 45వ సంవత్సరముననే, సీజరు ఏలుబడిలో రాజకార్యములకు దూరమైన సిసిరో రచించిన టస్కులమ్ సంవాదములలో ‘ఇన్సానిటాస్’ అను లాటిను పదము నన్ను చాలసేపు నిలిపివేసినది. స్వస్థతావాచకమైన పదమునకు నిషేధోపసర్గము చేరగా నేర్పడిన యీ మాటను అతడు ప్రయోగించినది దేహమును గూర్చి కాదు, చిత్తమును గూర్చి. క్రోధభయశోకములకు లోబడిన మనస్సెల్ల రోగగ్రస్తమేయనియు, జ్ఞాని దక్క తక్కినవారెల్లరును ఈ కోవలోనివారేయనియు స్టోయిక్కులను తత్త్వవేత్తల మతము. (అట్లయినచో వైద్యుడెవడో, రోగి యెవడో!)

సిసిరో న్యాయవాది గనుక ఇంకొక భేదమును విడువలేదు. బుద్ధి పూర్తిగ కప్పువడిన యున్మాదమునకు ‘ఫురోర్’ అని వేఱు పేరు కలదనియు, రోమనుల ద్వాదశఫలక శాసనము స్వామ్యము తొలగించినది అట్టి యున్మత్తునికే కాని, అవివేకియైనను నిత్యకృత్యములు నడపుకొనగలవానికి గాదనియు వాదించును. గ్రీకులు తమ ‘మెలాంకొలియా’తో సమస్తమును నల్లని పిత్తమున కంటగట్టిరని యాక్షేపించుటలో స్వభాషాభిమానము కొంత లేకపోలేదు, కాని కోపమును, భయమును, దుఃఖమును గూడ మతి చలింపజేయునని చూపుటకు అతడు పిలిచిన సాక్షులు ఒరెస్తీసు, అయాక్సు మొదలగు గ్రీకువీరులే.