వెల్లుల్లి రొట్టె

రొట్టె అన్న మాట తమదేనని తెలుగువారూ అంటారు, ఉర్దూవారూ అంటారు. ఇద్దరి మాటా కాదనలేనిది. ఒకే మూలం నుంచి బయలుదేరిన పదం ఒక ఇంట రొట్టె అయింది, మరొక ఇంట రోటీ అయింది. సంస్కృతంలోని లశునం ఉర్దూలో లహసన్ అయి స్థిరపడింది. మన తెలుగేమో వెల్ల ఉల్లి, అనగా తెల్లని ఉల్లి, అని తన సొంత పేరు పెట్టుకొని దానిని వెల్లుల్లి చేసుకుంది. తెలంగాణ పల్లెలలో అదే ఎల్లిగడ్డ. ఇక బట్టీలో పొంగి కాలిన మెత్తని రొట్టెకు పశ్చిమ తీరాన పోర్చుగీసువారి నోటి మాట నుంచి పావ్ అన్న పేరు వచ్చింది. హైదరాబాదులో అది డబల్ రోటీ అయింది. ఆ డబల్ రోటీ ముక్కలను నేతిలో వేయించి, పాలలోను పాకంలోను నానబెట్టిన మిఠాయిని డబల్ కా మీఠా అన్న పేరుతో పెళ్ళి విందులలో అందరమూ ఆరగిస్తూనే ఉన్నాము.

ఇంతటి పదచరిత్ర గల వస్తువును గురించి తెలుగు ఉపన్యాసకులు రాయడంలో వింత లేదు గాని, దానిని ఇంట్లో చేయడం ఎలాగో రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. పండితునికి పిండితో పనేమిటని మా సహోద్యోగి ఒకరు చమత్కరించారు కూడా. పని ఉన్నది. మా తండ్రిగారు పాతబస్తీలోని ఒక బేకరీలో ముప్ఫయి ఏళ్ళకు పైగా పిండి పిసికిన మనిషి. ఆ బట్టీ మంటే మా చదువుకు దీపమైంది.

వారి పగలు రాత్రి రెండు గంటలకు మొదలయ్యేది. చెక్క తొట్టిలో బస్తా పిండి పోసి, మోచేతుల దాకా ముంచి పిసికేవారు. తెల్లవారేసరికి వీధిలోని ప్రతి ఇంటికీ వేడి రొట్టె చేరాలి. బట్టీ వేడి చూడడానికి వారి దగ్గర ఏ పరికరమూ లేదు. గుప్పెడు పిండి బట్టీ నేలపై చల్లి, అది ఎంతసేపటిలో ఏ రంగు తిరుగుతుందో చూసేవారు. మమ్మల్ని మాత్రం ఆ గడప తొక్కనిచ్చేవారు కారు. “ఈ మంట నాతోనే ఆగిపోవాలి” అనేవారు. బేకరీ సందు మొగలో ఉన్నది తెలుగు బడి, అందులో చేర్చారు. ఉర్దూ ఇంటి పిల్లవాడు తెలుగులో ఎం.ఏ. చేయడానికి కారణమేమని అడిగేవారికి మా సమాధానం ఇదే.

రెండేళ్ళ క్రితం వారికి పక్షవాతం వచ్చింది. కుడి చేయి స్వాధీనం తప్పింది. మాట మిగిలింది గాని, మెల్లగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక సాయంత్రం మా చిన్నమ్మాయి కొని తెచ్చిన వెల్లుల్లి బన్నును వారి ముందుంచితే, ఎడమ చేత్తో విరిచి, వాసన చూసి, “ఖమీర్ తొందరపడింది” అన్నారు. అంతే. ఆ రెండు మాటలలో ఎంత శాస్త్రమున్నదో ఆలోచించిన కొద్దీ మాకు నిద్ర పట్టలేదు. వారి విద్య ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆ చేతులలో ఉన్నది, అందులో ఒకటి అప్పుడే మూగబోయింది.

మరుసటి ఆదివారం వారిని వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, మేము పిండి ముందు కూర్చున్నాము. “చదువుకున్న చేతులకు ఇదెందుకు బేటా?” అన్నారు. “రాసుకోవడానికి, అబ్బా” అన్నాము. వారి లెక్కలన్నీ బస్తాలు, బాల్చీలు, గుప్పిళ్ళు. కనుక వారు ఎడమ చేత్తో తీసి ఇచ్చినదల్లా త్రాసులో పెట్టి తూచుకున్నాము. ఒక్కసారికి సరిపడా ఉప్పు తీయమంటే తీశారు, అయిదు గ్రాములు. మళ్ళీ తీయమన్నాము, మళ్ళీ అయిదే. అలా తూచి రాసుకున్న పాఠాన్ని, మొదటిసారి ప్రయత్నించేవారికి పనికివచ్చేటట్లు ఇక్కడ ఇస్తున్నాము.

ఎనిమిది చిన్న బన్నులకు 250 గ్రాముల మైదా, 150 మిల్లీలీటర్ల పాలు, 25 గ్రాముల వెన్న, ఒక పెద్ద చెంచా పంచదార, ఒక చిన్న చెంచా పొడి ఈస్టు, అయిదు గ్రాముల ఉప్పు కావాలి. పైపూతకు మరొక 40 గ్రాముల వెన్న, ఎనిమిదో పదో వెల్లుల్లి రేకలు, గుప్పెడు కొత్తిమీర తరుగు చాలు.

పాలు గోరువెచ్చగా ఉండాలి. పసిబిడ్డకు పాలు పట్టే తల్లి మణికట్టుపై చుక్క వేసుకొని చూస్తుంది గదా, అదే కొలత. ఈస్టు అంటే పొడి రూపంలో నిద్రిస్తున్న సూక్ష్మజీవుల సమూహం. గోరువెచ్చదనం వాటిని మేల్కొలుపుతుంది. పొగలు కక్కే పాలు వాటిని చంపుతాయి. పాలలో పంచదార, ఈస్టు కలిపి పది నిమిషాలు ఉంచితే పైన నురగ కట్టాలి. నురగ రాకపోతే ఆ ఈస్టులో ప్రాణం లేదన్నమాట. దానిని పారబోయండి, మైదాను పాడుచేసుకోకండి. పిండి పులియడం జీవుల పని అని లోకానికి నమ్మకం కుదిరింది ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857 నుంచి ప్రకటించిన పరిశోధనలతో. మా తండ్రిగారు పాశ్చర్ పేరు వినలేదు. అయినా ఖమీర్‌ను గురించి మాట్లాడేటప్పుడు వారు ఎన్నడూ వస్తువును గురించి మాట్లాడినట్లు మాట్లాడరు. “దానికి ఆకలేస్తుంది, దానికి చలేస్తుంది, దానికి కోపమొస్తుంది” అంటారు.

ఉప్పును మైదాలో కలపండి, ఈస్టు మీద నేరుగా వేయకండి. నురగ కట్టిన పాలు పోసి ముద్ద చేసి, వెన్న చేర్చి, పది పన్నెండు నిమిషాలు ఆపకుండా పిసకాలి. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, తిప్పి, మళ్ళీ తోయాలి. మొదట చేతికి అంటుకుంటుంది. అప్పుడు బెదిరి పొడి పిండి గుమ్మరించేవారి రొట్టె రాయి అవుతుంది. అయిదారు నిమిషాలకు ముద్ద తనంతట తానే నునుపు తేరుతుంది. గోధుమలోని మాంసకృత్తులు తడిసి, పిసికిన కొద్దీ ఒకదానినొకటి పట్టుకొని, సాగే వలగా అల్లుకుంటాయి. ఆ జిగురు పదార్థాన్ని పిండి నుంచి వేరుచేసి చూపిన వివరాన్ని ఇటలీలో బెక్కారి అనే విద్వాంసుడు 1745లో ప్రచురించాడు. అదే గ్లూటెన్. ఎప్పుడు ఆపాలని మేము అడిగితే, మా తండ్రిగారు తమ చెవి తమ్మెను వేళ్ళతో నొక్కి చూపారు. చెవి తమ్మెంత మెత్తదనం వచ్చిన నాడు పిండి సిద్ధమైనట్లు. ఇంతకన్న చౌకైన, ఇంతకన్న నమ్మకమైన పరికరం ఏ ప్రయోగశాలలోనూ మేము చూడలేదు.

ముద్దకు నూనె రాసి, గిన్నెలో పెట్టి, తడి బట్ట కప్పి ఉంచితే అది రెట్టింపు కావాలి. ఈస్టు చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. ఆ వాయువు గ్లూటెన్ వలలో చిక్కి పిండిని లేపుతుంది. మన వేసవిలో ముప్పావు గంట చాలు. చలికాలపు ఉదయం గంటన్నర పట్టవచ్చును. కనుక గడియారాన్ని చూడకండి, పిండిని చూడండి. వేలికి పిండి అద్దుకొని ముద్దలో గుచ్చితే, గుంట మెల్లగా, సగం మాత్రమే పూడాలి. వెంటనే పూడితే ఇంకా సమయం కావాలి. అసలు పూడకపోతే మించిపోయింది. వెచ్చని చోట త్వరత్వరగా పొంగించిన పిండి ఎత్తు పెరుగుతుంది గాని రుచి పెరగదు. ఖమీర్ తొందరపడిందన్న మాటకు అర్థం అదే.

పొంగిన ముద్దను మెల్లగా అణచి, ఎనిమిది సమభాగాలు చేసి, పది నిమిషాలు విశ్రాంతినివ్వండి. తరువాత ఒక్కొక్కదానిని అరచేతి గిన్నెలో గుండ్రంగా తిప్పి ఉండ చేసి, వెన్న రాసిన పళ్ళెంలో, వేలెడు ఎడంతో అమర్చండి. మళ్ళీ అరగంట కప్పి ఉంచితే ఒకదానికొకటి తగిలేటట్లు ఉబ్బుతాయి.

ఇక వెల్లుల్లి విషయం. కొత్తవారు చాలామంది వాసన బాగా పట్టాలని పచ్చి వెల్లుల్లిని దంచి పిండిలోనే కలుపుతారు. వెల్లుల్లిని నలిపినప్పుడు పుట్టే ఘాటు పదార్థం పేరు అల్లిసిన్. 1944లో శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి, సూక్ష్మజీవులను అణచే గుణం దానికి ఉన్నదని చూపారు. ఈస్టు కూడా సూక్ష్మజీవే గదా! పచ్చి వెల్లుల్లి ఎక్కువైతే పిండి మందగిస్తుంది. కనుక 40 గ్రాముల వెన్నను సన్నని సెగపై కరిగించి, తరిగిన వెల్లుల్లిని అందులో పచ్చివాసన పోయే వరకే వేడిచేసి దించండి. ఎర్రబడనిస్తే చేదు వస్తుంది. పచ్చి వెల్లుల్లి తిని మసీదుకు రావద్దనీ, తినదలచినవారు వండి దాని ఘాటు అణచి తినాలనీ మన పెద్దలు చెప్పే హితవు రొట్టెకూ సరిగ్గా సరిపోయింది. చల్లారిన తరువాత కొత్తిమీర కలపండి. ఈ వెన్నను ఏ పూటకు ఆ పూటే చేసుకోవాలి. నూనెలోనో వెన్నలోనో మునిగిన వెల్లుల్లిని రోజుల తరబడి బయట నిలవ ఉంచితే ప్రమాదకరమైన విషం పుట్టవచ్చును.

బన్నులపై ఈ వెన్నను సగం పూసి, ముందుగానే 190 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కించిన ఓవెనులో 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. ఓవెను లేనివారు నిరాశ పడనక్కరలేదు. మందపాటి పాత గిన్నెలో రెండు వేళ్ళ మందాన ఉప్పు పోసి, దానిపై చిన్న స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయండి. ఆపైన బన్నుల పళ్ళెం లోపల పెట్టి, మూత బిగించి, సన్నని సెగపై అరగంట కాల్చండి. పై రంగు కాస్త తెల్లగా ఉంటుంది, లోపల మాత్రం తేడా రాదు. ఒక బన్ను తీసి అడుగున వేలితో తట్టితే డొల్ల చప్పుడు రావాలి. దించిన వెంటనే మిగిలిన వెన్న పూసి, జల్లెడపై ఆరనివ్వండి. పళ్ళెంలోనే వదిలేస్తే అడుగు చెమ్మగిల్లుతుంది. కారం ప్రియులు వెన్నలో ఒక చెంచా మన వెల్లుల్లి కారం కలిపి పూస్తే, విదేశీ రొట్టెకు మన ఊరి పౌరసత్వం వచ్చినట్లే.

ఆ ఆదివారం మొదటి బన్నును మా తండ్రిగారి చేతిలో పెట్టాము. చెవి దగ్గర పెట్టుకొని నొక్కారు, విరిచారు, చాలాసేపు నమిలారు. మా చిన్నమ్మాయి, “ఎలా ఉంది దాదా?” అని అడిగితే, “మీ నాన్న పాసయ్యాడు” అన్నారు. ఎం.ఏ. పట్టా తెచ్చిన నాడు కూడా వారు ఆ మాట అనలేదు. ఆనాడు కళ్ళు మాత్రం తుడుచుకున్నారు. ఆ తరువాత ప్రతి ఆదివారమూ వారే ముందుగా వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంటున్నారు. నాలుగు కోణాల నాన్‌కు పిండి ఎంత గట్టిగా ఉండాలో, షీర్మాల్‌కు పాలు ఎప్పుడు పోయాలో, ఒక్కొక్క మాటే కూడదీసుకొని చెబుతున్నారు. మేము తూచి, తెలుగులో రాసుకుంటున్నాము. తెలుగు అక్షరం రానివారు గనుక, ప్రతి పుటా వారికి ఉర్దూలో చదివి వినిపించి, తల ఊపిన తరువాతనే పుట తిప్పుతున్నాము.

విద్యార్థులారా, ప్రవేశ దరఖాస్తులు పరిశీలించే పని ఏటా మాకు కొంత వస్తుంది. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర మీలో కొందరి కలం ఆగుతుంది. కొందరు ఖాళీగా వదిలేస్తారు, కొందరు ప్రైవేటు ఉద్యోగమని రాసి ముందుకు సాగుతారు. ఉస్మానియాలో ఎం.ఏ.కు దరఖాస్తు నింపిన నాడు మేము ఆ గడిలో బేకరీ కార్మికుడు అని రాశాము. ఏమి రాశావని మా తండ్రిగారు అడిగి, విని, “ఇంకేదైనా మంచి మాట రాయకపోయావా బేటా” అన్నారు. అంతకన్న మంచి మాట మాకు ఆనాడూ దొరకలేదు, ఈనాడూ దొరకలేదు.

మీ ఇళ్ళలో దర్జీలున్నారు, మేస్త్రీలున్నారు, అత్తరు అమ్మేవారున్నారు, జరీ అల్లే తల్లులున్నారు. వారి లెక్కలు గుప్పిళ్ళలో, జానలలో, కంటిచూపులో ఉన్నాయి. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు, వీలైతే ఒక త్రాసు తీసుకొని వారి పక్కన కూర్చోండి. అడగండి, తూచండి, తెలుగులోనో ఉర్దూలోనో రాయండి. వారి చేతులు ఆడుతుండగానే రాయండి.