అలవాటుకో క్రియ

అలవాట్ల గురించి చెప్పడానికి స్పానిష్‌లో ప్రత్యేకంగా ఒక క్రియే ఉంది. అది 'సొలేర్'. 'స్వెలో మద్రుగార్' అంటే తెల్లవారుజామునే లేవడం నాకు అలవాటని. ఇందులో మద్రుగార్ కూడా తక్కువదేమీ కాదు. పెందలాడే లేవడమనే పనంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. పొద్దుపోయేదాకా మేలుకోవడానికి త్రస్నొచార్, సాయంత్రం చిరుతిండి తినడానికి మెరెందార్. రాత్రి భోజనం తొమ్మిది దాటితే గానీ మొదలుకాని స్పెయిన్‌లో ఆ చివరి క్రియ అవసరమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఆలస్యంలో గడియారానికీ కొంత వాటా ఉంది. గ్రీనిచ్ రేఖ దాపునే ఉన్న ఆ దేశం ఫ్రాంకో హయాంలో, 1940 మార్చిలో, గంట ముందుకు జరిగి జర్మనీ సమయంలోకి వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

సొలేర్‌కు ఒక విచిత్రమైన పరిమితి ఉంది. వర్తమానంలో 'స్వెలే', గతంలో 'సొలియా' అంటారు. భవిష్యత్ రూపం వాడుకలో లేదు. రేపటి నుంచి అలవాటు చేసుకుంటానని మాటివ్వడానికి అది పనికిరాదు. తెలుగు తీరు వేరు. 'ఐదింటికి లేస్తాను' అన్నది రోజువారీ అలవాటూ కావచ్చు, రేపటి హామీ కూడా కావచ్చు. (రాజకీయ నాయకులకు ఇంతకంటే అనువైన క్రియారూపం దొరకదు.)

గతం విషయంలో మాత్రం రెండు భాషలూ దగ్గరే. 'తొమో కఫే' అంటే ఓసారి కాఫీ తాగారని, 'తొమాబా కఫే' అంటే తాగేవారని. తాగారు, తాగేవారు అన్న తేడా పసితనం నుంచే తెలిసిన తెలుగువారికి ఇది నల్లేరు మీద నడక కావాలి. కావడం లేదు. ఎందుకంటే పాఠం ఇంగ్లీషు మీదుగా వస్తుంది. ఇంగ్లీషులో 'డ్రాంక్' రెంటికీ సరిపోతుంది. దాంతో తెలుగు విద్యార్థి తనకు లేని ఇబ్బందిని ముందు తెచ్చిపెట్టుకుని, తర్వాత దాన్నుంచి బయటపడే సూత్రాలు బట్టీ పడతాడు.

హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న ఓ యువతికి ఇంట్లో ఒకరి దినచర్య రాయమని అభ్యాసం ఇచ్చారు. ఆమె తండ్రి గురించి రాసింది. ఐదింటికి లేవడం, రేడియో పెట్టడం, కాఫీ గ్లాసుతో గుమ్మం ముందు కూర్చోవడం. ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు. తెలుగులో అయితే 'లేచేవారు' అని నోటికి దానంతటదే వచ్చేది. ఇంట్లో అందరూ అలా మాట్లాడడం మొదలై చాలా రోజులైంది. స్పానిష్‌లో ఎంచుకోవాల్సి వచ్చింది. సొలియా అని రాసి, కొట్టేసి, స్వెలే అని పెట్టింది. వాక్యాల్లో తప్పుల్లేవు. టీచర్ అన్నిటికీ టిక్కు పెట్టి, 'ఆదివారాలు కూడా ఇంతేనా?' అని పక్కన రాశారు.