పెదవికీ మాటకూ మధ్య

డీవీడీలకు కాలం చెల్లింది. కొత్త ల్యాప్‌టాపులలో వాటిని పెట్టే అర కూడా ఉండడం లేదు. అయినా మన ఇళ్ళలోని ఇనుప బీరువాలలో, పాత శుభలేఖల కట్ట పక్కన, పెన్నుతో పేర్లు వ్రాసిన వెండి బిళ్ళలు ఇంకా ఉన్నాయి. కంపెనీలో అచ్చువేసిన సినిమా డీవీడీ వేరు, ఊళ్ళో స్టూడియోవారు వ్రాసి ఇచ్చిన డీవీడీ వేరు. మొదటిదానిలో సమాచారం చిన్న చిన్న గుంటలుగా ఒత్తబడి ఉంటుంది. రెండవదానిలో ఒక రంగుపూత మీద లేజరు వేసిన మచ్చలుగా ఉంటుంది. ఆ రంగు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. కనుక వీటిని ఫైళ్ళుగా మార్చుకోవడం వాయిదా వేయదగిన పని కాదు. ఆ పనికి పూనుకున్న చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బొమ్మ ముందు నడుస్తుంది, మాట వెనుక వస్తుంది.

మా అక్క పెళ్ళి 1996లో పరిగిలో జరిగింది. అప్పటికి పరిగి రంగారెడ్డి జిల్లాలోది. 2016 నుండి వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. పెళ్ళిని వీడియో క్యాసెట్టు మీద తీయించారు. 2005లో ఒక స్టూడియోలో ఆ క్యాసెట్టును డీవీడీగా మార్పించాము. అప్పగింతల వేళ, తాండూరు బండలు పరిచిన మా వాకిట్లో నిలబడి, నాయన అక్కతో ఏడెనిమిది వాక్యాలు మాట్లాడతారు. నాయన 1999లో పోయారు. ఆయన ఫొటోలు ఇంట్లో చాలా ఉన్నాయి గాని గొంతు మాత్రం ఆ ఏడెనిమిది వాక్యాలలోనే మిగిలింది. డీవీడీని ప్లేయరులో వేస్తే అంతా సవ్యంగానే ఉంది. కంప్యూటరులో ఫైలుగా మార్చినప్పుడు మాత్రం నాయన పెదవులు కదిపి, నోరు మూసి, అటు తిరిగాక ఆయన మాట వినిపించింది. అమ్మ కాసేపు చూసి, “ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టున్నది, ఆపు బిడ్డా” అన్నది.

డబ్బింగు సినిమాలు చూసి పెరిగిన వాళ్ళం మనం. అరవ పెదవుల మీద తెలుగు మాటలు పెట్టినా మనకు అభ్యంతరం ఉండదు. కాని ఆ గొంతు ఆ మనిషిదేనని మనకు ముందే తెలిసి ఉన్నచోట రెండు సెకన్ల ఎడం భరించలేము.

ఎంత ఎడాన్ని మనిషి పసిగట్టగలడో శాస్త్రజ్ఞులు కొలిచారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మకంటె ముందు వస్తే సెకనులో వెయ్యింట 45 వంతులు దాటగానే తెలిసిపోతుంది. వెనుక వస్తే 125 వంతుల దాకా మనసు సర్దుకుంటుంది. ఈ తేడాకు కారణం ఊహించడం కష్టం కాదు. చెరువు అవతలి గట్టున చాకలి బండకేసి బట్ట కొడుతుంటే, దెబ్బ ముందు కనబడుతుంది, చప్పుడు తరువాత వినబడుతుంది. మెరుపు తరువాతనే ఉరుము. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది గనుక, ఆలస్యంగా వచ్చే శబ్దం మనకు పుట్టినప్పటి నుండీ అలవాటు. ముందుగా వచ్చే శబ్దం ప్రకృతిలో లేదు.

ఇక రోగనిర్ణయం. ఫైలును మొదట్లో, నడుమ, చివర మూడు చోట్ల పరీక్షించాలి. సినిమావారికి ఇందుకోసమే క్లాప్ బోర్డు ఉంది. మన పెళ్ళి వీడియోలకు అంతకంటె మంచి సాధనం డోలు. గట్టిమేళంలో కర్ర డోలు మీద పడిన ఫ్రేము ఏదో చూసి, ఆ దెబ్బ ఎప్పుడు వినబడిందో కొలవవచ్చు. కొబ్బరికాయ కొట్టే చోటు కూడా పనికి వస్తుంది. స్టూడియోవారు సినిమా పాటలు అతికించిన భాగాలను మాత్రం నమ్మరాదు. పాట సాగినంతసేపూ తప్పు దాక్కుంటుంది.

మూడు చోట్లా ఎడం ఒక్కటే అయితే అది సులభమైన జబ్బు. శబ్దాన్ని ఆ మేరకు ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది.

ఎడం క్రమంగా పెరుగుతూ పోతే అది లెక్కల తేడా. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 29.97. ఈ విచిత్రమైన అంకె 1953లో అక్కడ రంగుల టీవీ ప్రమాణం రూపొందినప్పుడు పుట్టింది. 29.97ను 30 అని గుండుగుత్తగా వ్రాసుకుంటే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు. దానిని పాల్ కోసం 25 చేసి పరుగెత్తిస్తే 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే ముగుస్తుంది. ఇటువంటప్పుడు శబ్దాన్ని జరిపి లాభం లేదు. మొదట్లో కుదిరితే చివర చెడుతుంది. వేగాన్నే సరిచేయాలి.

మూడవ రకం అన్నిటికంటె మొండిది. కొంతసేపు అంతా బాగుండి, ఒకచోట హఠాత్తుగా ఎడం గెంతుతుంది. మాది ఇదే. గట్టిమేళం దగ్గర డోలు దెబ్బ సరిగ్గా పడింది. తలంబ్రాల దగ్గరకు అర సెకను, భోజనాల పంక్తి దగ్గరకు సెకనున్నర, అప్పగింతలకు రెండు సెకన్లు.

కారణం డీవీడీ లోపలి అమరికలో ఉంది. అందులో బొమ్మకూ శబ్దానికీ వేరువేరుగా కాలముద్రలు ఉంటాయి. సెకనును 90,000 భాగాలు చేసి, ఈ బొమ్మ ఫలానా క్షణాన, ఈ శబ్దం ఫలానా క్షణాన అని వ్రాసి ఉంటుంది. ప్లేయరు ఆ ముద్రలను చూసి నడుస్తుంది. స్టూడియోలో మా క్యాసెట్టును ఐదు విడతలుగా ఎక్కించినట్టున్నారు. ప్రతి విడతకూ కాలముద్రలు మళ్ళీ సున్నా నుండి మొదలయ్యాయి. ప్రతి విడత చివరా బొమ్మకంటె శబ్దం అర సెకను మిగిలి ఉంది. ప్లేయరు ఆ మిగులును వదిలివేసి కొత్త విడతను శుభ్రంగా ఆరంభిస్తుంది. బొమ్మలన్నిటినీ ఒక దండగా, శబ్దాన్నంతా ఒక దండగా గుచ్చి పక్కపక్కన పెట్టే సాఫ్ట్‌వేరుకు ఆ ముద్రలు అక్కరలేదు. నాలుగు అతుకుల దగ్గర నాలుగు అర సెకన్లు కలిసి, చివరి విడతలో ఉన్న నాయన మాటను రెండు సెకన్లు వెనక్కి నెట్టాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్టు, తప్పు అతుకులది, శిక్ష అప్పగింతలకు.

చికిత్స ఇలా సాగింది. ముందుగా డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టు ఒక నకలు తీశాను. గీతలు పడిన బిళ్ళలకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ మంచిది. చదవలేని చోటును వదిలి ముందుకు పోయి, తరువాత మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ తరువాత వీడియోను అసలు అతుకుల దగ్గర ఐదు ముక్కలు చేశాను. డిస్కులో వీఓబీ ఫైళ్ళు ఒక్కొక్కటి 1 జీబీ దాటకుండా విడిపోయి ఉంటాయి గాని ఆ విరుపులు వేరు, ఈ అతుకులు వేరు. ఏ అతుకు ఎక్కడ ఉన్నదో ఐఎఫ్ఓ ఫైలులో వ్రాసి ఉంటుంది. ఒక్కొక్క ముక్కను విడిగా మార్చి, తోకలో మిగిలిన శబ్దాన్ని కత్తిరించి, ఆ పైన ఐదింటినీ కలిపాను.

“పైలం బిడ్డా” అన్న మాటతో నాయన పెదవులు కలిశాయి. అమ్మ ఈసారి ఆపమనలేదు. ఆ మాట తరువాత నాయన కండువాతో ముఖం తుడుచుకోవడం ఇన్నేళ్ళలో నేను గమనించనే లేదు, అమ్మ చూపించింది.

మార్చిన ఫైలు ఉంది కదా అని డిస్కు నకలును చెరపవద్దు. కాలముద్రలు ఉన్నది అందులోనే. రేపు ఇంతకంటె మంచి పనిముట్టు వచ్చినా దానికి కావలసింది ఆ నకలే. ఈ ఆదివారం మీ ఇంటి బీరువా కూడా ఒకసారి తెరిచి చూడండి.